కొత్త ట్యాంక్‌ల చేపలు ఎందుకు నిలుస్తలేవు?

ఈ నెల వచ్చిన ఉత్తరాలు ముందలేసుకుని చదువుతుంటే ఊర్లు వేరు, చేపలు వేరు, కథ మాత్రం ఒకటే. ట్యాంక్ కొన్నం, చేపలు వేసినం, వారం తిరగకముందే పోయినయి. అందుకని ఈసారి ఫ్లవర్‌హార్న్ చేప తలకాయ ఎప్పుడు ఉబ్బుతది అన్న ప్రశ్నలన్నీ పక్కన పెట్టి, ఈ ఒక్క ముచ్చటే మాట్లాడుకుందాం.

ప్రశ్న: అన్నా నమస్తే. మా బాబు పుట్టినరోజుకని రెండు ఫీట్ల ట్యాంక్ కొన్నం. షాపాయన అదే రోజు ఆరు గోల్డ్ ఫిష్‌లు కూడా కవర్ల పోసి ఇచ్చిండు. ఇంటికొచ్చి నల్లా నీళ్లు నింపి, ఆయన ఇచ్చిన నీలం మందు నాలుగు చుక్కలేసి వదిలినం. రెండు రోజులు మంచిగ తిరిగినయి. మూడో రోజు నీళ్లు పాల లెక్క అయినయి, చేపలు పైకొచ్చి నోర్లు తెరుస్తున్నయి. నాలుగో రోజు రెండు, ఆరో రోజుకు మొత్తం పోయినయి. ట్యాంకు, రాళ్లు, ఫిల్టర్ స్పాంజ్ అన్నీ సర్ఫ్ పెట్టి కడిగి ఎండల ఆరబెట్టి మల్ల నింపినం, మల్ల ఆరు తెచ్చినం, అవి కూడా వారంల పోయినయి. మా అత్తమ్మ దిష్టి తగిలిందంటది, షాపాయన మీ నీళ్లు మంచియి కాదంటడు, బాబేమో ఏడుపు. అసలు ఆ నీళ్లల్ల ఏముందన్నా? – ఒక తల్లి, హన్మకొండ

జవాబు: చెల్లె, ఆ నీళ్లల్ల అమ్మోనియా ఉంది. అది నల్లాల నుంచి రాలే, నీ చేపల నుంచే వచ్చింది. చాలామంది చేప మలమే గలీజు అనుకుంటరు గానీ, చేప ఒంట్ల తయారయ్యే అమ్మోనియాల ఎక్కువ పాలు మొప్పల నుంచే నీళ్లల్ల కలుస్తది. అంటే అది ఊపిరి తీసుకున్నంత సేపు వదుల్తనే ఉంటది, మేత పెట్టినా పెట్టకున్నా. దానికి తోడు మిగిలిపోయి కుళ్లిన మేత. మీ రెండు ఫీట్ల ట్యాంక్ అడుగు వెడల్పు, అడుగు ఎత్తు అనుకుంటే నిండా పోసినా 56 లీటర్లు, రాళ్లు పోసి పైన కొంచెం వదిలితే 45 లీటర్లు కూడా ఉండయి. అండ్ల ఆరు గోల్డ్ ఫిష్‌లు! చిన్నగున్నప్పుడు ముద్దుగుంటయి గానీ తినుడు, తిన్నది వదులుడు రెండూ వాటికి ఎక్కువే.

మరి భద్రకాళి చెరువుల ఇన్ని చేపలుంటయి, వాటికేం కాదు గదా అని అడగొచ్చు. చెరువుల నీళ్లు ఎక్కువ, అది ఒకటి. రెండోది, అక్కడ ప్రతి రాయి మీద, మట్టి మీద, నాచు మీద కొన్ని బ్యాక్టీరియాలు జిగురు లెక్క అంటుకుని ఉంటయి. ఒక రకం అమ్మోనియాను తిని నైట్రైట్ చేస్తది. ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్ చేస్తది. అమ్మోనియా విషం, నైట్రైట్ కూడా విషమే, నైట్రేట్ మాత్రం చాలా ఎక్కువైతే తప్ప ఏమనదు, వారానికోసారి కొన్ని నీళ్లు మారిస్తే పోతది, మొక్కలుంటే అవి కూడా లాక్కుంటయి. నైట్రోజన్ సైకిల్ అంటే ఇదే, చిన్నప్పుడు సైన్స్ పుస్తకంల బాణం గుర్తులు గీసి మార్కులు తెచ్చుకున్నం గానీ ఇంట్ల గాజు డబ్బాల పనికొస్తదని అప్పుడు ఎవరనుకున్నరు. మీ కొత్త ట్యాంక్‌ల ఆ రెండు రకాలు లేవు. కొత్త గాజు, కొత్త రాళ్లు, కొత్త స్పాంజ్, క్లోరిన్ కలిపిన నీళ్లు. అవి వచ్చి, అంటుకుని, పెరగాలంటే మామూలుగ నాలుగు నుంచి ఆరు వారాలు పడతది, దీన్నే సైక్లింగ్ అంటరు. మీ చేపలకు దొరికింది ఆరు రోజులు.

నీళ్లు పాల లెక్క అయినయి అన్నవ్ గదా, అది వేరే బ్యాక్టీరియా. మిగిలిన మేత మీద బతికే రకం, అరగంటకో గంటకో రెట్టింపయ్యే రకం. నీళ్లల్ల తేలుకుంట పెరిగి తెల్లగ చేస్తది, ఉన్న ఆక్సిజన్ కూడా అదే తాగుతది. మనకు కావాల్సినయి అట్ల కాదు, రెట్టింపు కావడానికి సగం రోజు నుంచి ఒక రోజు దాకా తీసుకుంటయి, అందుకే ఇంత ఆలస్యం. తెల్లబడ్డ నీళ్లు చూసి భయపడి మొత్తం పారబోయొద్దు, మేత తగ్గించి గాలి పెంచితే కొన్ని రోజుల్ల అదే తేటపడతది.

ఇగ సర్ఫ్ సంగతి. చెల్లె ఏమనుకోకు, మొదటి వారంల కొన్నన్నా పుట్టిన మంచి బ్యాక్టీరియాను నువ్వే కడిగి ఎండబెట్టినవ్. రెండోసారి మల్ల సున్నా నుంచి మొదలైంది. పైగా స్పాంజ్‌ల సర్ఫ్ కొంచెం మిగిలినా చేప మొప్పలకు మంట. ఆ నీలం మందు బహుశా మిథిలీన్ బ్లూ అయి ఉంటది, ఫంగస్‌కు మంచి మందే గానీ ఈ బ్యాక్టీరియాను కూడా దెబ్బ కొడతది. కొత్త ట్యాంక్‌ల అడగకుండ వేసే మందు కాదు.

నేను కూడా ఏం తక్కువ తినలేదులే. ఒకసారి మేడారం జాతరకు పోయే ముందు రోజు, మూడు రోజులు ఇంట్ల ఉండం గదా అని, ఫిల్టర్ స్పాంజ్ తీసి నల్లా కింద పెట్టి తెల్లటి నీళ్లు వచ్చేదాకా పిండి పిండి కడిగిన, ఆ పైన పోయేటప్పుడు ఆకలైతదేమో అని రెండు చిటికెల మేత ఎక్కువ వేసి పోయిన. తిరిగొచ్చి బెల్లం ఇంకా సంచిల నుంచి తియ్యకముందే వాసన తెలిసింది. తొమ్మిది మాలీ చేపల్ల నాలుగు మిగిలినయి. ఏడాది పాటు నడిచిన ట్యాంక్ అది. స్పాంజ్ కడగాలంటే ట్యాంక్‌ల నుంచే ఒక మగ్గు నీళ్లు బకెట్ల తీసుకుని, అండ్లనే రెండుసార్లు పిసికి పెట్టాలె, గోధుమరంగు కొంచెం మిగిలినా సరే. అది అయిదు మాలీల ఖరీదుకు నేర్చుకున్న.

ఇప్పుడు నువ్వేం చెయ్యాలె. చేపలు కొనకు, బాబుకు ఒక నెల సర్ది చెప్పు. ట్యాంక్ నింపి, క్లోరిన్ పోనియ్యి. షాపుల ఆంటీ క్లోరిన్ అని చుక్కలమందు దొరుకుతది, లేదంటే వెడల్పు టబ్బుల నీళ్లు పోసి ఒక రోజంతా ఎయిర్ పంప్ నడిపినా మామూలు క్లోరిన్ ఎగిరిపోతది. ఫిల్టర్ రాత్రింబగళ్లు నడవాలె, కరెంట్ బిల్లని రాత్రి బంద్ చెయ్యొద్దు, ఆ బ్యాక్టీరియాకు ఆక్సిజన్ లేకుంటే బతుకు లేదు. తర్వాత తోడు వెయ్యి. పెరుగుకు తోడు వేసినట్టే ఇది. నీకు తెలిసినోళ్ల ఇంట్ల నెలల తరబడి మంచిగ నడుస్తున్న ట్యాంక్ ఉంటే వాళ్ల స్పాంజ్ ముక్క ఒకటి అడుగు, వాళ్ల ట్యాంక్ నీళ్లల్లనే తడిగ ఉంచి తెచ్చి నీ ఫిల్టర్ల పెట్టు. వట్టి నీళ్లు తెస్తే లాభం లేదు, బ్యాక్టీరియా నీళ్లల్ల కాదు, స్పాంజ్‌కు రాళ్లకు అంటుకుని ఉంటది. షాపుల ట్యాంక్ నుంచి మాత్రం తేకు, వారానికో కొత్త లాట్ దిగే చోట జబ్బులు కూడా తోడుతోనే వస్తయి.

తోడు వేసినంక దానికి రోజూ తిండి కావాలె, అంటే అమ్మోనియా. సులువైన దారి, చేపల్లేకున్నా రోజూ ఒక చిటికెడు మేత వెయ్యి, కుళ్లి అదే అమ్మోనియా అయితది. కొంచెం గలీజు పనే గానీ ఇంట్ల జరిగే పని. దాంతోపాటు ఒక లిక్విడ్ టెస్ట్ కిట్ కొను. పన్నెండు చేపల పైసలు పోయినయి గదా, అండ్లకే వచ్చేది. నా దగ్గరున్న కిట్‌ల అమ్మోనియా లేకుంటే పసుపు, ఉంటే ఆకుపచ్చ. నైట్రైట్ లేకుంటే లేత నీలం, ఉంటే ఊదా. నైట్రేట్ పెరిగే కొద్దీ నారింజ నుంచి ఎరుపు. మొదట ఆకుపచ్చ ముదురుతది, తర్వాత ఆకుపచ్చ తగ్గి ఊదా ఎక్కుతది, ఆఖరికి ఊదా కూడా దిగి నైట్రేట్ ఒక్కటే ఎర్రగ మిగులుతది. మేత వేస్తున్నా వరుసగ కొన్ని రోజులు అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపిస్తే సగానికి పైగా నీళ్లు మార్చి, ముందు రెండు చేపలు, పది పదిహేను రోజులాగి ఇంకో రెండు. ఆరూ ఒక్కసారి వద్దు. ఇంకో మాట, ఆ సైజు ట్యాంక్‌ల గోల్డ్ ఫిష్‌లు ఆరు కాదు గదా రెండు కూడా పెద్దగైతే ఇరుకే. బాబును గప్పీ చేపల దిక్కు తిప్పు. పిల్లలు పెడతయి, వాడికి అదే సంబరం.

ప్రశ్న: సార్, మేం వ్యవసాయం చేస్తం. చేపలు లేకుండ సైక్లింగ్ చెయ్యాలంటే అమ్మోనియా పొయ్యాలె అంటరు గదా, మాకది దొరకలేదు. ఇంట్ల యూరియా బస్తా ఉంది, ఒక స్పూన్ వెయ్యొచ్చా? – ఒక రైతు, జగిత్యాల జిల్లా

జవాబు: వెయ్యకు తమ్మీ. యూరియా నేరుగ అమ్మోనియా కాదు, వేరే సూక్ష్మజీవులు ముందు దాన్ని విడగొట్టాలె. అప్పటిదాకా టెస్ట్‌ల ఏమీ కనిపించదు, కనిపిస్తలేదని నువ్వు ఇంకో స్పూన్ వేస్తవ్, అన్నీ ఒక్కసారి విరిగి అమ్మోనియా కొండెక్కి కూర్చుంటది. ఇంకో పెద్ద కారణం నీకే బాగా తెలుసు. 2015 నుంచి మన దేశంల తయారయ్యే యూరియా అంతా వేప పూతతోనే రావాలని రూల్ పెట్టిండ్రు. ఆ వేప పూత ఎందుకు? పొలంల యూరియా నుంచి వచ్చిన అమ్మోనియాను మట్టిల బ్యాక్టీరియా గబగబా నైట్రేట్ చేస్తే, అది నీళ్లతోని కిందికి దిగిపోయి పంటకు అందకుండ పోతది, అందుకని ఆ బ్యాక్టీరియా జోరు తగ్గించడానికి. పొలంల నువ్వు ఎవరి చేతులు కడుతున్నవో, ట్యాంక్‌ల వాళ్లనే పిలుస్తున్నవ్. ఆ బస్తా పొలానికే ఉండనియ్యి.

నీకు కావాల్సింది అమ్మోనియం క్లోరైడ్. ఇత్తడి గిన్నెలకు కళాయి పెట్టేటోళ్లు వేసే నవాసారం అదే. కానీ కళాయి సరుకుల ఇంకేం లోహాలు కలిసి ఉంటయో చెప్పలేం, కాబట్టి ల్యాబ్ కెమికల్స్ అమ్మే షాపుల చిన్న డబ్బా తెచ్చుకో. 50 లీటర్ల నీళ్లకు గ్రాముల మూడో వంతు వేస్తే అమ్మోనియా దగ్గర దగ్గర 2 పీపీఎం, అంటే లీటరుకు 2 మిల్లీగ్రాములు అయితది, అంతకంటే అవసరం లేదు. కూరలకు వేసినట్టు స్పూన్ లెక్క వద్దు, బంగారం తూచే చిన్న కాంటా దొరికితే దాని మీద తూచు, లేకుంటే 10 గ్రాములు ఒక లీటర్ నీళ్లల్ల కరగబెట్టి పెట్టుకుని అండ్ల నుంచి సిరంజితోని 30 మిల్లీ లీటర్లు తియ్యి. ఈ 2 పీపీఎం వేసినంక 24 గంటలల్ల అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు దిగినయంటే నీ ట్యాంక్ తయారైనట్టు.

ఆ, ఇంకోటి. మీ బోరు నీళ్లు కూడా ముందే ఒకసారి నైట్రేట్ టెస్ట్ చేసుకో. ఎరువులు బాగా వేసే చోట బోర్లల్లనే నైట్రేట్ ఉంటది, తాగే నీళ్లకు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటొద్దని లెక్క. నీళ్లల్ల ముందే ఉన్నదాన్ని చూసి సైకిల్ అయిపోయిందని మురిసిపోతవ్.

ప్రశ్న: అన్నా, స్పాంజ్ తెచ్చి పెట్టిన, అమ్మోనియా పది రోజులల్ల దిగింది, కానీ నైట్రైట్ మాత్రం మూడు వారాల నుంచి ముదురు ఊదాలనే ఉంది, దిగుతనే లేదు. ఆగలేక నాలుగు గప్పీలు వేసిన. ఇప్పుడు అవి పైపైకి వస్తున్నయి. – కరీంనగర్ నుంచి

జవాబు: ఆగలేక అన్నవ్ చూడు, అక్కడనే పట్టుకుంది. మన సైకిల్ల రెండో బ్యాచ్ ఎప్పుడూ లేటే, మొదటోళ్లు వండి పెడితే గానీ వాళ్లు పంక్తిల కూర్చోరు. పైగా నువ్వు రాసింది సంక్రాంతి చలిల. హీటర్ లేకుంటే ఆ రోజులల్ల ట్యాంక్ నీళ్లు 20 డిగ్రీల దాకా దిగుతయి, అప్పుడు బ్యాక్టీరియా కూడా ముసుగేసుకుని పడుకున్నట్టే. 27, 28 డిగ్రీల మీద హీటర్ పెట్టు.

ముందు గప్పీల ప్రాణం. నైట్రైట్ చేప రక్తంల చేరితే రక్తం ఆక్సిజన్ మొయ్యలేదు, మొప్పలు కాఫీ రంగుకు తిరుగుతయి, నీళ్లల్ల ఎంత గాలి కొట్టినా అవి ఊపిరాడనట్టే ఉంటయి. ఇయ్యాలనే సగం నీళ్లు మార్చు, అదే వేడి ఉన్న, క్లోరిన్ తీసిన నీళ్లతోని. 50 లీటర్లకు ఒక టీ స్పూన్ దొడ్డుప్పు కరిగించి పొయ్యి. ఉప్పుల ఉన్న క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌ను లోపలికి పోనియ్యదు. ఉప్పు నైట్రైట్‌ను తియ్యదు, చేపకు అడ్డం నిలబడతది అంతే, అందుకని టెస్ట్‌ల రంగు మారలేదని మల్ల మల్ల వెయ్యకు. మేత రెండు రోజులకు ఒకసారి, అది కూడా చాలా కొంచెం. టెస్ట్ రోజూ చెయ్యి, రంగు ముదిరినప్పుడల్లా నీళ్లు మార్చు. నీళ్లు మారిస్తే సైకిల్ ఆగిపోతదని షాపుల చెప్తరు, ఆగదు, అందరూ స్పాంజ్‌లనే ఉన్నరు గదా.

ఇవన్నీ చేసినా దిగకుంటే పీహెచ్ చూడు, అంటే నీళ్లు పులుపా క్షారమా చెప్పే లెక్క. ఈ బ్యాక్టీరియా పని చేసే కొద్దీ నీళ్లల్ల ఉన్న క్షారం ఖర్చయితది, పీహెచ్ 6 దాకా పడిపోతే పని దాదాపు ఆగుతది. ఆర్‌ఓ నీళ్లు పోసేటోళ్లకు ఇది ఎక్కువ. చేపలకు ఫిల్టర్ నీళ్లు పోస్తున్నమని గొప్పగ రాస్తరు కొందరు! మన బోరు నీళ్లు గిన్నెలకు తెల్లటి చార కట్టేంత గట్టియి, ఈ ఒక్క విషయంల అది మంచిదే. దాని చెడ్డ కూడా చెప్తా. పీహెచ్ ఎక్కువుంటే అమ్మోనియా విషం పెరుగుతది. 30 డిగ్రీల నీళ్లల్ల పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాల విషపు రూపం 100ల 1 పాలు కూడా ఉండదు, 8 ఉంటే 7, 8 పాళ్లు. అంటే అదే రీడింగ్, పది రెట్ల దెబ్బ. బోరు నీళ్లు పోసేటోళ్లు టెస్ట్‌ల లేత ఆకుపచ్చ చూసి పర్వాలేదు అనుకోవద్దు.

ప్రశ్న: మనీ ప్లాంట్ వేర్లు ట్యాంక్‌ల వదిలితే సైక్లింగ్ అవసరం లేదని విన్నం, నిజమేనా? – కాజీపేట

జవాబు: మనీ ప్లాంట్ మంచిదే, నైట్రేట్ బాగా లాగుతది, నా ట్యాంక్ వెనక కూడా ఒకటి పాకి కిటికీ దాకా పోయింది. కానీ కొత్త ట్యాంక్‌ల మొదటి వారం వచ్చే అమ్మోనియాకు అది సరిపోదు. వేరు కుళ్లితే అదో కొత్త అమ్మోనియా. పెట్టుకో, స్పాంజ్ మాత్రం ఉండాలె.

ప్రశ్న: మే నెలల గాలివానకు మాకు ఆరు గంటలు కరెంట్ పోయింది. వచ్చినంక క్యానిస్టర్ ఫిల్టర్ అదే స్టార్ట్ అయింది, తెల్లారేసరికి ఏంజిల్ చేపలు రెండు పోయినయి. కరెంట్ లేనప్పుడు బతికి, వచ్చినంక చచ్చుడేంది సార్? – గోదావరిఖని

జవాబు: మీరు అడిగింది చాలా మంచి ప్రశ్న, అండ్లనే జవాబు కూడా ఉంది. క్యానిస్టర్ అంటే మూత బిగించిన డబ్బా. నీళ్లు కదలకుంటే లోపల ఉన్న బ్యాక్టీరియా ఆ కొంచెం ఆక్సిజన్‌ను తొందరగనే అవగొడతది, తర్వాత అవే చచ్చుడు, లోపలి గలీజు కుళ్లుడు మొదలైతది. కరెంట్ రాంగనే ఆ కుళ్లిన నీళ్లన్నీ ఒక్కసారి ట్యాంక్‌లకు కొట్టింది. మూత తీసి వాసన చూసి ఉంటే కోడిగుడ్డు మురిగిన వాసన వచ్చేది. మీ దిక్కు ఎండాకాలం నీళ్లు మామూలుగనే 32, 33 డిగ్రీలుంటయి, వేడి నీళ్లల్ల ఆక్సిజన్ తక్కువ పడతది. 20 డిగ్రీల నీళ్లు లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా పట్టుకుంటే 30 డిగ్రీలల్ల ఏడున్నరే.

ఈసారి కరెంట్ పోయి గంట, రెండు గంటలు దాటిందంటే క్యానిస్టర్ ప్లగ్ తీసెయ్యండి, అదే స్టార్ట్ కావొద్దు. మూత తీసి స్పాంజ్‌లు, రింగులు ఒక టబ్బుల వేసి ట్యాంక్ నీళ్లు పొయ్యండి, పైన గాలి తగిలేటట్టు. బ్యాటరీ సెల్లుతోని నడిచే చిన్న ఎయిర్ పంప్ దొరుకుతది, చేపలు పట్టేటోళ్లు వాడేది, అది ఒకటి ట్యాంక్‌ల, వీలైతే ఇంకోటి ఆ టబ్బుల. అదీ లేకుంటే మగ్గుతోని నీళ్లు తీసి ఎత్తు నుంచి పొయ్యండి, పిల్లలకు చెప్తే సంతోషంగ చేస్తరు. మేత ఆ రోజు బంద్. కరెంట్ వచ్చినంక డబ్బాల నిలిచిన నీళ్లు పారబోసి అప్పుడు కలపాలె. తర్వాత రెండు మూడు రోజులు అమ్మోనియా టెస్ట్ చేసుకుంట ఉండండి, సైకిల్ కొంత దెబ్బతిని ఉంటది. నన్నడిగితే మన దిక్కు కరెంటుకు, మన ఎండలకు పెద్ద క్యానిస్టర్ కంటే రెండు స్పాంజ్ ఫిల్టర్లు నయం. చూడ్డానికి బాగుండవని మా ఇంట్ల కూడా గొడవే.

ప్రశ్న: సార్ నేను ఎనిమిదో తరగతి. మా పుస్తకంల రైజోబియం ఉంది. చేపల ట్యాంక్‌ల ఉండేది కూడా అదేనా? దాని పేరేంది? సూక్ష్మదర్శినిల కనిపిస్తదా? – పరకాల

జవాబు: రైజోబియం కాదు నాన్నా. అది పెసర, కంది లాంటి మొక్కల వేర్ల బుడిపెలల్ల ఉండి గాలిల నైట్రోజన్‌ను పట్టుకుంటది, నీకు అది చూడాలంటే పొలంల ఒక పెసర మొక్క పీకి వేర్లు చూడు. ట్యాంక్‌ల అమ్మోనియాను నైట్రైట్ చేసేటోళ్లల్ల పేరున్నది నైట్రోసోమోనాస్. నైట్రైట్‌ను నైట్రేట్ చేసేది నైట్రోబ్యాక్టర్ అని చాలా పుస్తకాలల్ల రాస్తరు, కానీ అక్వేరియం ఫిల్టర్లల్ల వెతికితే ఎక్కువగ దొరికింది నైట్రోస్పైరా అని 1990లల్ల తేలింది. అండ్లనే ఇంకో తమాషా ఉంది. ఇద్దరు చేసే పని ఒక్కటే మొత్తం చెయ్యగల నైట్రోస్పైరా కూడా ఉందని 2015ల శాస్త్రవేత్తలు బయటపెట్టిండ్రు. నూరేండ్ల కంటే ఎక్కువ కాలం అది ఇద్దరి పనే అనుకున్నరు.

సూక్ష్మదర్శినిల అంటవా, స్కూల్ల ఉండే దాంట్ల చుక్కల లెక్క ఏవో కదిలేటియి కనిపిస్తయి గానీ ఏది ఏదో చెప్పలేం. స్పాంజ్ మీద గోధుమరంగు జిగురు చూసి అదంతా ఇవే అనుకోకు, అండ్ల గలీజు కూడా చాలా ఉంటది. నువ్వు టెస్ట్ ట్యూబ్‌ల చూడు. రోజూ ఒకే టైంకు నైట్రైట్ టెస్ట్ చేసి రంగును నోట్‌బుక్‌ల కలర్ పెన్సిల్‌తోని వేసుకుంట పో. ఒకరోజు రాత్రి ఊదా ఉంటది, రెండు మూడు రోజులల్ల లేత నీలం అయిపోతది, అదే వాళ్లు కనిపించుడు. ఆ పేజీ నాకు పంపు. అప్పటిదాకా మీ నాన్నను ఫిల్టర్ దగ్గరికి సర్ఫ్ ప్యాకెట్‌తోని రానియ్యకు.